నూటికెంత బావగారు

మా బావగారు ఏ మాటకైనా ముందు "నూటికెంత?" అని అడుగుతారు. వాన వచ్చేలా ఉందన్నా అంతే, తల పగిలిపోతోందన్నా అంతే. కూరలో ఉప్పెక్కువైందని అన్నామా, అయిపోయామే! "ఎక్కువైందని నీ నమ్మకం నూటికెంత? సాక్ష్యమేంటి? కాలేదనడానికి సాక్ష్యమేంటి?" అంటూ జేబులోంచి చిన్న నోటుబుక్కు తీస్తారు. ఈలోగా కూర కాస్తా చల్లారిపోతుంది.

బావగారిది తాళాల రిపేరు. బజారు మలుపులో బీరువా అంత కొట్టు. ఓసారి నేనక్కడ ఉండగానే ఒకాయన రొప్పుతూ వచ్చాడు.

"ఇంటి తాళంచెవి పోయిందండీ, తొందరగా రండి!"

"పోయిందని నమ్మకం నూటికెంత?"

"వందండీ బాబూ, వంద!"

"పోలేదనడానికి సాక్ష్యం వెతికారా? చొక్కా జేబు చూశారా?"

చూసుకున్నాడు. అక్కడే ఉంది. దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. చేతికొచ్చిన బేరం పోయినందుకు చింతే లేదు, "వంద నుంచి సున్నాకి! ఒక్క నిమిషంలో!" అని మురిసిపోయారు బావగారు.

ఇదంతా ఎక్కడంటుకుందంటారా? మనసు డాక్టరమ్మ దగ్గర. "రోడ్డు దాటాలంటే భయమేస్తోంది పంతులమ్మా" అని ఒకరోజు ఉన్నట్టుండి నాతో అన్నారు. బడిలో పాఠాలు చెప్పే నన్ను ఆయన అలాగే పిలుస్తారు. వారం వారం ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళడం మొదలెట్టారు. భయం పుట్టగానే అది చెప్పే మాటని కాగితం మీద పెట్టాలట. దాన్ని సాక్ష్యాలు అడగాలట. ఆ తర్వాత ఆ భయపడే పనే కొంచెం కొంచెంగా చేసి, అనుకున్నది జరిగిందో లేదో చూసుకోవాలట.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే ఆ వైద్యం కావలసింది మా అక్కకి. కూరల బజారు జనంలో ఓసారి కళ్ళు తిరిగి పడిపోయింది. పరీక్షలన్నీ చేసి ఏ జబ్బూ లేదన్నారు. అయినా "వెళ్తే మళ్ళీ పడిపోతాను" అంటూ ఆర్నెల్లుగా గడప దాటలేదు. అంతకుముందు ప్రతి ఆదివారం మా ఇంటికొచ్చి నా వంటకి వంకలు పెట్టి వెళ్ళేది. ఆ వంకలు లేక నాకు ముద్ద దిగడం లేదు. ఇక రాదేమోనని బెంగ పట్టుకుంది. మనసు డాక్టరు మాటెత్తితే "నాకేం పిచ్చా?" అని గిన్నెలు మోగించేది. ఆవిడ అలా ఉంటే ఈయన వెళ్ళి చూపించుకోవడమేమిటి? నాకు అర్థం కాలేదు.

ఓ రోజు నోటుబుక్కు నా చేతికిచ్చారు. "లారీ నన్నే వెతుక్కుంటూ వస్తుంది: తొంభై. నేను అడుగేయగానే సిగ్నల్ దీపం రంగు మారుస్తుంది: డెబ్భై." ముప్ఫై అయిదేళ్ళ అలవాటు ఊరుకుంటుందా? ఎర్ర పెన్ను తీసి తొంభై పక్కన "భేష్" అని రాసేశాను.

"అయ్యో పంతులమ్మా! ఇక్కడ మార్కులు తగ్గితేనే పాసు!"

నా సర్వీసులో అలాంటి పరీక్ష పెట్టలేదు, రాయలేదు.

తర్వాత బావగారు అక్క మీద పడ్డారు.

"రోడ్డు దాటడానికి ఒక్కణ్ణీ వెళ్ళలేనే. గేటు దాకా వచ్చి నిలబడు."

"నేనా? గేటు దాకానా?"

"నువ్వు కనిపిస్తుంటే నా భయం అరవైకి దిగుతుంది."

అక్క సణుక్కుంటూ గడప దాటింది. గేటుని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. తర్వాతి వారం వీధి మలుపు, ఆ పైన బస్టాపు. చూడాలి ఆ ఇద్దరినీ, చేతులు పట్టుకుని వణుకుతూ!

"లారీ నా మీదికొచ్చిందా?"

"రాలేదు."

"రాయి. నువ్వు పడ్డావా?"

"నా సంగతెందుకు? పడలేదు."

"అదీ రాసెయ్. గడి ఖాళీగా ఉంది కదా."

మూడో నెలకి అక్క డాక్టరమ్మ గది దాకా వెళ్ళింది. లోపల గంటసేపు మాట్లాడింది అక్కేనట. బావగారు బయట బల్ల మీద కూర్చుని ఆ తలుపు తాళం ఏ రకమో పరీక్షిస్తున్నారట.

"ఇంతకీ రోగి ఎవరే అక్కా?"

"నోర్ముయ్యవే. నేను ఆయనకి తోడు!"

పోయిన సోమవారం నేను బజారులో ఉండగా బావగారు కనిపించారు. భుజాన తాళంచెవుల గుత్తి, నోట్లో ఈల. అటూ ఇటూ చూడకుండా రెండు లారీల మధ్యలోంచి తోటలో నడిచినట్టు నడిచొస్తున్నారు!

"బావగారూ! రోడ్డు భయం తొంభై కదా?"

నాలిక్కరుచుకున్నారు.

"ష్! మీ అక్కతో అనకు. నాకే భయమూ లేదు. తన కోసం రమ్మంటే రాదు, నా కోసమైతే వస్తుందని నూటికి అరవై అనుకున్నా. డాక్టరమ్మకి మొదటి రోజే నిజం చెప్పేశా. తొయ్యొద్దు, తన అడుగు తననే వెయ్యనివ్వమంది."

"మరి ఊళ్ళో వాళ్ళందరినీ నూటికెంత, నూటికెంత అని చంపుకు తినడమెందుకు?"

"అందరినీ అడుగుతుంటేనే కదా, తనని అడిగినప్పుడు తప్పుగా అనిపించదు?"

సంచిలో ఎర్ర పెన్ను ఉంటే ఆ జవాబుకి అక్కడే పూర్తి మార్కులు వేసేదాన్ని.

నిన్న ఆదివారం అక్క మా ఇంటికొచ్చింది. నడిచే వచ్చింది. ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఉప్పెక్కువైందే."

"నూటికెంత?" అన్నారు బావగారు.

"వంద. సాక్ష్యం నా నాలుక."

వంటింట్లోకి రాగానే అక్క నా చెవి దగ్గరికి వంగింది. "ఆయనకి రోడ్డు భయం లేదే. గేటు దగ్గరున్నప్పుడే కనిపెట్టేశా. వణికే మనిషి ఎక్కడైనా ఈల వేస్తాడా?"

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే నా చెయ్యి పట్టుకోవడం మానేస్తారేమోనని భయం."

"నూటికెంత?" నా నోట్లోంచే వచ్చేసింది, నా ఖర్మ!

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తొంభై."

ఈ తొంభై తగ్గాలో, అలాగే ఉండాలో నాకు తెలీదు. డాక్టరమ్మనే అడగాలి. ప్రస్తుతానికి బావగారి నోటుబుక్కు తెప్పించి, ఖాళీ గడిలో తొంభై వేసి, పక్కన ఎర్ర పెన్నుతో "భేష్" అని రాశాను. అదేమిటని ఆయన అడిగితే, మార్కులేసేవాళ్ళు సంజాయిషీ చెప్పరన్నాను.