తోమిన రేకు

మా మాస్టారు పోయారు. ఉక్కునగరంలో మా క్వార్టరు గుమ్మం ముందు, ఒకప్పుడు నాతోపాటు చదివినవాడు సైకిలు దిగకుండానే ఆ మాట చెప్పాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆయనకు చెప్పవలసిన మాటొకటి నా దగ్గరే ఉండిపోయింది. అదేమిటో ఇక్కడ రాస్తున్నాను, చదివి నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు.

పంతొమ్మిది వందల డెబ్బైల్లో యూనివర్సిటీలో ఆయన దగ్గర పరిశోధన చేశాను. ఆయన కోపం అందరికీ తెలిసిందే. మనుషుల మీద ఏనాడూ చెయ్యెత్తలేదు గానీ, వస్తువుల్ని బతకనిచ్చేవారు కాదు. పంపు మొరాయిస్తే తన్నేవారు. స్పానరు విసిరితే గోడ పెచ్చులూడేది. "మనిషిని కొడితే కేసు, గోడని కొడితే సున్నం" అనేవారు నవ్వుతూ.

ఆయన పని కూడా కొట్టడమే. గాజు జాడీలో గాలంతా పంపుతో లాగేసి, కాస్త హీలియం వదిలి, వేల వోల్టుల కరెంటు పెట్టేవారు. లోపల గులాబి వెలుగు లేచేది. చూడ్డానికి ఎంతో సౌమ్యం. కానీ ఆ వెలుగులోని హీలియం కణాలు మధ్యలో బిగించిన మాలిబ్డినం అనే గట్టి లోహపు రేకును గంటల తరబడి గుద్దేవి. "హీలియం మంచోడురా, ఎవుడితోనూ కలవడు, ఎవుడితోనూ తగువెట్టుకోడు. బలవంతంగా లోపలికి తోసీ, అప్పుడు సూడు ఆడి పెతాపం" అని మాకు పాఠం చెప్పేవారు. లోహంలోకి చొరబడ్డ కణాలు గుంపుకట్టి బుడగలయ్యేవి. బుడగలు పైపొరను ఎత్తి పొక్కులు లేపేవి. పొక్కులు చిట్లి చర్మం ఊడినట్టు పొరలు లేచిపోయేవి. అద్దంలా ఉండే రేకు చివరికి నల్లగా మిగిలేది.

ఆ నలుపు పంపు నూనె మసి అని డిపార్ట్‌మెంటు పెద్దలు కొట్టిపారేశారు. కాదు, లోహమే మారిందని మాస్టారి పట్టు. పది రోజులు కొట్టించిన రేకును చూడ్డానికి సోమవారం మాకు డబ్బిచ్చే సంస్థ తరఫున బొంబాయి నుంచి ఒక పెద్దాయన రావాలి. ఆయన ఒప్పుకోకపోతే మా లాబుకు తాళమే.

నేను వన్‌టౌన్ వాణ్ణి, పాత ఊరి ఇరుకు సందుల్లో పుట్టినవాణ్ణి. మా నాన్న గిన్నెలకు కళాయి వేసేవాడు. మా ఇంట్లో నల్లటి లోహమంటే తోమవలసిన లోహం, అంతే. శుక్రవారం లాబులో ఒక్కణ్ణే ఉన్నాను. రేకు అంచున నిజంగానే చిన్న నూనె మరక కనిపించింది. దాన్ని చూసి అంతా మసే అంటాడేమో ఆ పెద్దాయన అని, ఆ ఒక్కచోటా తుడుద్దామనుకున్నాను. మెత్తటి బూడిద, నూలుగుడ్డ. తోముతున్న చెయ్యి ఆగదు, మా ఇంట్లో ఎవరికీ ఆగలేదు. తేరుకునేసరికి రేకులో నా ముఖం కనిపిస్తోంది.

మర్నాడు పొద్దున్న మాస్టారు రేకు చూశారు. "ఎవుడు తోమాడ్రా?" అంటూ స్టూలు ఎత్తి కాళ్లు విరిగేదాకా నేలకేసి బాదారు. నేను వంగి విరిగిన ముక్కలు ఏరాను. అలసిపోయి గోడకి చేరగిలబడ్డారు. ఆయనకు రెండ్రోజులుగా జ్వరం. "జొరంలో నానే తోమీసుంటానేటి?" అన్నారు, నా వైపు చూస్తూ. అప్పుడైనా చెప్పాలి. చెప్పలేదు.

పది రోజుల పని రెండు రోజుల్లో చెయ్యాలి. మాస్టారు కొత్త రేకు బిగించి వోల్టేజి పెంచారు. జాడీని చల్లారనివ్వలేదు. ఆదివారం మధ్యాహ్నం జాడీ పేలింది. గాజు ముక్కలు తలుపు చెక్కలో దిగబడ్డాయి, ఒకటి మాస్టారి ఎడమ కంట్లో. అరచేత్తో కన్ను మూసుకుని, వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతుంటే, "నన్ను కాదురా, రేకు సూడు" అని అరిచారు. రేకు నల్లగా ఉంది. పెద్దాయన సోమవారం మైక్రోస్కోపులో పొక్కులు చూసి ఒప్పుకున్నాడు. లాబు నిలిచింది. కన్ను పోయింది.

కన్ను ఒక్కటే అయితే ఇంతలా రాయను. జ్వరంలో రేకు తోమి మరిచిపోయింది తనేనని, ఆ రోజు నుంచి మాస్టారు తనను తాను నమ్మడం మానేశారు. ప్రతి పనీ చీటీ మీద రాసుకునేవారు. రేకులు దాచే బీరువా తాళం నా చేతికిచ్చి, ఉన్న ఒక్క కన్నుతో చూస్తూ "నాను ముట్టుకోలేదు కదరా?" అని అడిగేవారు. "లేదు మాస్టారూ" అనేవాణ్ణి. నాకు చదువు చెప్పి, ఉద్యోగానికి ఉత్తరం రాసిచ్చిన మనిషికి నేనిచ్చిన జవాబు అది, ఏళ్ల తరబడి.

ఆయన పోయిన మర్నాడు సమాధుల తోటలో, గోతిలోకి మాస్టారి పెట్టె దించారు. ఎవరో కన్ను సంగతి ఎత్తారు. "ఆరికి మతిమరుపు బాబూ. జొరంలో రేకు తోమీసి, ఆరి కన్ను ఆరే పోగొట్టుకున్నారు" అంది మాస్టారి భార్య.

"ఆయన కాదమ్మా. రేకు నేను తోమాను" అన్నాను.

చెంప ఛెళ్లుమంది. డెబ్బై ఏళ్ల మనిషి, నా భుజం దాకా రాదు. నా చెవి గింగురుమంది. ఫాదరు ప్రార్థన ఆపేశాడు.

"నాకెందుకు సెప్తావు? ఆరికి సెప్పు" అని చొక్కా పట్టుకుని గోతి వైపు తిప్పింది.

మోకాళ్ల మీద కూర్చున్నాను. "మాస్టారూ, మీరు ముట్టుకోలేదు" అన్నాను. పారల వాళ్లు నా వైపు ఒకసారి చూసి, గోతిలోకి మట్టి తొయ్యడం మొదలుపెట్టారు. ఎర్రమట్టి పెట్టె మీద దబదబా పడుతోంది. ఇంకా గట్టిగా చెప్పాను.