నా టెస్ట్ ఇన్‌బాక్స్‌లో ఆగిపోయిన ఆర్డర్లు

లాక్‌డౌన్‌లో ఇక్కడ జర్మనీలో, ఇంగోల్‌స్టాట్ తెలుగువాళ్లందరికీ అన్నం పెట్టింది నేనే. ఒక్కడినే కూర్చుని రాత్రికి రాత్రి ఆన్‌లైన్ కొట్టు కట్టిచ్చాను. ఈ మాట ఎన్ని ఇళ్లలో, ఎన్ని జూమ్ కాల్స్‌లో చెప్పుకున్నానో. వినేవాళ్లు "ఈ వయసులోనా!" అంటారు. ఆ మాట వినడానికే చెబుతాను. కానీ చెప్పిన ప్రతిసారీ లోపల ఒక బరువు ఇంకాస్త కిందికి దిగుతుంది. ఇన్నేళ్లుగా దాన్ని ఎవరికీ చూపించలేదు. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే మీ దగ్గర నోరు పెగులుతోంది.

ముందు గాలి తీసేస్తాను. రాత్రికి రాత్రి ఏమీ కట్టలేదు. రెడీమేడ్ టెంప్లేట్ ఒకటి తెచ్చి రంగులు మార్చాను. ఆకుపచ్చ ఎంపిక మాత్రం నాదే. ఇక అందరికీ అన్నం పెట్టానన్నది అంతకన్నా పెద్ద కోత. కొందరికి అన్నం అందకుండా చేసింది నేను.

మ్యూనిక్‌లో ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, చిన్న వ్యాపారాలకు వెబ్ అప్లికేషన్లు చేసిపెట్టే ఫ్రీలాన్స్ పని మొదలుపెట్టాను. కరోనా వచ్చినప్పుడు సునీత ఫోన్ చేసింది. కరీంనగర్ అమ్మాయి. మా ఊళ్లో ఇండియన్ కిరాణా కొట్టు ఆమెది. భర్త కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. మరిది నరేష్ కొట్టులో ఆమెకు కుడిభుజం. జనం బయటికి రావడానికి భయపడుతున్నారు, సరుకులు ఇంటికే పంపుతాం, సైట్ చేసిపెట్టమంది.

మా పనిలో ఒక అలవాటుంది. సైట్‌ను పరీక్షించేటప్పుడు ఉత్తుత్తి ఆర్డర్లు పెడుతుంటాం. అవి కొట్టువాళ్లను విసిగించకుండా, కొట్టుకు పోవాల్సిన మెయిల్స్‌ని మా సొంత టెస్ట్ ఇన్‌బాక్స్‌కు మళ్లించుకుంటాం. సైట్ అందరికీ తెరిచే ముందు ఆ ఒక్క అడ్రసు మార్చాలి. నేను మార్చలేదు. మరిచిపోయాను. ఆర్డర్లన్నీ ఒకచోట కనిపించే పేజీ కూడా తరవాత చేద్దాంలే అని వదిలేశాను కనుక, మెయిల్ రాకపోతే ఆర్డర్ వచ్చిందని కొట్టుకు తెలిసే దారే లేదు. కొన్నవాళ్లకు మాత్రం "మీ ఆర్డర్ అందింది" అని చక్కగా జవాబు వెళ్లేది.

కొన్నాళ్లకు సునీత ఫోన్.

"అన్నా, పోరగాళ్లు ఆర్డర్ పెట్టినమంటున్నరు. కన్ఫర్మేషన్ గూడ చూపిస్తున్నరు. మాకైతే ఒక్కటి రాలే!"

"ఆగమ్మా, చూస్తాను."

మాట్లాడుతూనే టెస్ట్ ఇన్‌బాక్స్ తెరిచాను. నా ఉత్తుత్తి ఆర్డర్ల మధ్య అసలువి. బియ్యం, కందిపప్పు, గోంగూర పచ్చడి. ఎవరో విద్యార్థి కింద ఒక ముక్క రాశాడు: క్వారంటైన్‌లో ఉన్నాను, జ్వరం, తలుపు దగ్గర పెట్టి బెల్ కొట్టండి, పెరుగు మాత్రం మర్చిపోవద్దు. అది వచ్చి వారం దాటింది.

అడ్రసు మార్చేశాను. చిటికెలో పని. ఆగిపోయినవాటిని కొట్టుకు పంపితే నా తప్పు బయటపడుతుంది. పంపలేదు. చెరిపేశాను. పెరుగు అడిగినవాడిదీ చెరిపేశాను.

"ఇప్పుడు వస్తాయి చూడమ్మా."

"మరి ఇన్ని దినాలు ఎటువోయినయన్నా?"

నేనేమీ అనలేదు. ఊరుకున్నాను.

కొట్టు మెయిల్ చూసేది నరేష్, తన ఫోన్లో. వదిన నిలదీసింది. రాలేదన్నాడు. రాకుండా జనానికి జవాబులెలా వెళ్లాయంది. చూడకుండా తుడిచేసి అబద్ధమాడుతున్నావంది. మాటా మాటా పెరిగింది. అన్న కూడా వదిన వైపే నిలబడ్డాక, నరేష్ బట్టలు సర్దుకుని మ్యూనిక్ వెళ్లిపోయి పార్సెల్ గోదాములో పనికి కుదిరాడు. ఆ అన్నదమ్ములకు ఈ రోజుకీ మాటల్లేవు.

ఒకసారి మ్యూనిక్‌లో ఎస్-బాన్ లోకల్ రైల్లో ఎదురుపడ్డాడు. నన్ను చూసి లేచి సీటిచ్చాడు. మీ సైట్ బాగా నడుస్తోందట కదా అంకుల్ అన్నాడు, సంతోషంగా. ఆ రోజు నా మొహానికి మాస్కు ఉండబట్టి బతికిపోయాను. దిగాల్సిన స్టేషన్‌కు ముందే దిగిపోయాను.

ఎందుకు చెప్పలేకపోయాను? క్లయింటు పోతుందనా? కాదు. ముసలాడికి ఇక చేతకాదు అంటారని. ఆ భయం ఒక మనిషికి తన అన్న ఇంటికన్నా పెద్దదా? ఆ క్షణంలో పెద్దదిగానే కనిపించింది, కొన్నాళ్లకు కాస్త చిన్నదైంది, కానీ అప్పటికి నరేష్ రైలెక్కేశాడు, ఇప్పుడు చెబితే ఇన్నాళ్లూ ఎందుకు దాచావంటారనే కొత్త భయం పాతదాని కుర్చీలో వచ్చి కూర్చుంది.

దీన్ని సునీతకూ నరేష్‌కూ పంపిస్తాను. క్షమించమని అడగను. నా తప్పల్లా ఊరుకోవడమే అని ఆఖరి వాక్యం రాశాను. చాలా ఏళ్ల తరవాత ఊపిరి నిండుగా ఆడింది. అక్షరదోషాలేమైనా ఉంటే చూడమని మా ఆవిడ చేతికిచ్చాను.

చివరిదాకా చదివి కళ్లజోడు తీసింది.

"మీరెక్కడ ఊరుకున్నారు? 'మీ మరిది ఫోన్ సరిగ్గా చూడట్లేదేమో, అడుగమ్మా' అన్నారు. స్పీకర్ పెట్టి మరీ మాట్లాడారు, నేను పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. నిజమేననుకుని నేనూ నలుగురికీ చెప్పాను ఆ కుర్రాడి గురించి. ముందు అది రాయండి."