అరువు కష్టాలు

వీధి మలుపులో కుట్టుమిషను పెట్టుకున్న ఆవిడను అందరూ అంగుళమక్క అంటారు. ఏ బట్ట కోసినా లోపల ఒక అంగుళం అదనంగా మడిచి కుట్టడం ఆవిడ అలవాటు. "మనిషి లావెక్కుతాడు, బట్ట పెరగదు కదా, ఉండనీ" అంటుంది. బస్సుకు కూడా గంట ముందే వెళ్ళి నిలబడే రకం. అలాంటి మనిషి, కూతురి కాలేజీ దరఖాస్తు విషయంలో మాత్రం ఆఖరి రోజు దాకా ఏమీ చెయ్యలేకపోయింది.

తప్పు ఆవిడది కాదు, అందులోని మూడో ప్రశ్నది. "మీరు ఎదుర్కొన్న ఒక కష్టం, దాని నుంచి నేర్చుకున్నది వంద పదాల్లో రాయండి." సాయంత్రం ఐదింటికి గడువు. కూతురికి ఆ కాలేజీ తప్ప ఇంకో ధ్యాస లేదు. మొదటి రెండు జవాబులూ చకచకా రాసేసి, మూడోదాని దగ్గర వారం నుంచి గోళ్ళు కొరుక్కుంటోంది.

"నాకేం కష్టాలున్నాయమ్మా రాయడానికి?" అంది ఆ పొద్దున.

ఇంకో తల్లయితే పొంగిపోయేది. అంగుళమక్క గుండెల్లో రాయి పడింది. పద్దెనిమిదేళ్ళు పిల్ల మీద ఈగ వాలనివ్వకుండా పెంచితే, ఇప్పుడు ఆ ఈగ లేకనే సీటు పోయేలా ఉంది.

షాపు తెరవగానే, వచ్చినవాళ్ళందరినీ "మీ దగ్గర మంచి కష్టం ఏదైనా ఉందా?" అని అడగడం మొదలుపెట్టింది. అడగడమే ఆలస్యం. వానలో గొడుగు ఇమ్మంటే ముఖం చాటేసే జనం, కష్టమనేసరికి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కోటు కుట్టించుకునే బస్సు డ్రైవరు, బ్రేకులు పోయిన బస్సును ఎలా ఆపాడో చెప్పాడు. కర్టెన్ల కోసం వచ్చిన రిటైరైన టీచరమ్మ మూతి తిప్పింది.

"బస్సుదేముందండీ! పాతికేళ్ళ కిందట నా మీద పడాల్సిన పిడుగు పక్కింటి మీద పడింది."

"మీకేం కాలేదుగా?" అన్నాడు డ్రైవరు.

"అదేనండీ నా బాధ! ఎవరికి చెప్పినా ఇలాగే అంటారు."

ఇద్దరికీ మాటామాటా పెరిగింది. అంగుళమక్క అన్నీ కొలతల పుస్తకంలో లావుపాటి అక్షరాలతో రాసుకుని, ఒక్కొక్కటే కూతురికి తొడిగి చూసింది.

"నాకు సైకిలే రాదు, బస్సు ఆపానంటే నమ్ముతారా?"

"పోనీ పిడుగు?"

"అప్పటికి నేను పుట్టనే లేదమ్మా!"

మధ్యాహ్నం పిల్ల మేనమామ దిగాడు. ఆయన పక్కవీధి మేడలో లిఫ్టు ఆపరేటరు. "నేనోసారి లిఫ్టులో తొమ్మిది గంటలు ఇరుక్కున్నాను. మేనమామ కష్టం మేనకోడలిది కాదా? రాసెయ్" అన్నాడు.

"అబద్ధం రాయను మామయ్యా."

"అయితే నిజం చేద్దాం, పద!"

చేశారు కూడా. పిల్లను స్టూలుతో సహా లిఫ్టులో కూర్చోబెట్టి, మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య ఆపేశాడు. గంట చాలని ఆయనంటే, ఇంకో పావుగంట ఉంచమని మెట్ల మీద నుంచి తల్లి పట్టుబట్టింది. తలుపులు తెరిచేసరికి పిల్ల ముఖం కళకళలాడుతోంది. "ఫ్యాను గాలి ఎంత హాయిగా ఉందో! కునుకు పట్టేసింది" అంది.

"కష్టపడమని పంపితే సుఖపడి వచ్చింది!" అని తల్లి నెత్తి కొట్టుకుంది. నా పెంపకమే దీని కొంప ముంచిందనుకునేసరికి నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పటికి నాలుగున్నరైంది.

ఆ నీళ్ళు చూసి కూతురు చరచరా మెట్లు దిగింది. షాపుకు వచ్చి, ఓ మూలన కూర్చుని ఫోన్లో గబగబా ఏదో టైపు చేసింది. ఐదుకు పది నిమిషాలుందనగా, "నువ్వు సరేనంటేనే పంపుతాను" అని ఫోను తల్లి చేతిలో పెట్టింది. తల్లి దాన్ని దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరకు తెచ్చుకుని చూసింది.

"వెలుతురు చాలడం లేదు. నువ్వే చదువు."

కూతురు చదివింది. "మా అమ్మకు రెండేళ్ళుగా దగ్గరి చూపు ఆనడం లేదు. అది నాకు తెలియకూడదని ఆమె పట్టుదల. ఈ పని నాకు అంటకూడదని నన్ను సూది ముట్టుకోనివ్వదు. అందుకని రోజూ ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు పది సూదులకు దారం ఎక్కించి పెడతాను. రాత్రి తానే ఎక్కించి మరిచిపోయాననుకుంటుంది. మీ కాలేజీ వేరే ఊళ్ళో ఉంది. సీటు రాకపోతే ఏడుస్తాను. వస్తే ఆ సూదుల సంగతేమిటో తెలియదు. దీని నుంచి నేనింకా ఏమీ నేర్చుకోలేదు."

అంగుళమక్కకు సిగ్గేసింది, కోపమొచ్చింది. కొడదామా, కావలించుకుందామా తెలియక మిషను చక్రం పట్టుకుని కూర్చుంది.

"పంపు" అంది చివరికి.

కూతురు బటను నొక్కింది. జవాబు అందిందని ఫోను మీద పడ్డాక, తల్లి మెల్లగా నోరు విప్పింది.

"మరిచిపోయాననుకోలేదే నేను. మొదటి రోజే పోల్చాను. దారం చివర ముడి వేలికి తగిలింది, నేను అంత పెద్దది వెయ్యను."

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"అడిగితే వద్దనాల్సి వచ్చేది కదే" అంది అంగుళమక్క.