ఒక్కసారిగా కరగాల్సిన పొడి

అది 2021 వానాకాలం. దూలపల్లిలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో నేను క్వాలిటీ కంట్రోల్ కెమిస్టును. రియాక్టర్లనే పెద్ద పాత్రల్లో తయారైన ప్రతి బ్యాచ్‌నూ పరీక్షించి, బయటికి పంపవచ్చో లేదో చెప్పడం మా ల్యాబ్ పని.

అందులో ఒకటి మెల్టింగ్ పాయింట్ పరీక్ష. సన్నని గాజు గొట్టంలో చిటికెడు పొడి వేసి మెల్లగా వేడిచేస్తాం. సృష్టికర్త ప్రతి శుద్ధ పదార్థానికీ ఒక వేడి నియమించాడు. సరిగ్గా అక్కడికి రాగానే అది ఒక్కసారిగా కరిగిపోతుంది. పరాయిది కలిస్తే ముందే చెమర్చి, సాగుతూ కరుగుతుంది. కంటికి మాత్రం రెండూ తెల్లటి పొడులే.

ఆ రోజు వచ్చిన పొడి ముందే చెమర్చింది. ప్రొడక్షన్ మేనేజర్ అక్కడికక్కడే తేల్చేశాడు.

"ఇంతకుముందు ఆ రియాక్టర్‌లో వేరే మందు చేశాం. యాకోబు సరిగ్గా కడగలేదు. రేపట్నించి అతన్ని పంపొద్దని కాంట్రాక్టర్‌కి చెబుతాను."

యాకోబన్న సూరారంలో మా సంఘం మనిషి. ఆదివారం ఆరాధనకు చాపలు పరిచేది ఆయనే. వాళ్ళావిడ నా పక్కన కూర్చుని పాడుతుంది. ఆయన ల్యాబ్ తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మంచిగనే కడిగిన మేడం. జర ప్రార్థన చెయ్యున్రి."

"చేస్త అన్నా. గని రిజల్ట్ మార్చమని దేవుణ్ని అడగ. తప్పు నీదైతే గదే రాస్త."

"గట్లనే రాయున్రి. నాకోసం అబద్ధం రాస్తే, ఆదివారం మీ మొఖం నేనెట్ల జూడాలె?"

నమూనాలోని ఒక ఉండను చెంచాతో నొక్కాను. పైన పొడిగా ఉంది, లోపల ముద్దలా ఉంది.

"డ్రయ్యర్‌ల పెట్టేటప్పుడు గడ్డలు చిదమలేదా అన్నా?"

"యాడ చిదుముడు మేడం? జల్దీ కానియ్యమని మేనేజర్ సారే ట్రేలు గట్లనే పెట్టిపిచ్చిండు."

పొడిని శుద్ధిచేయడానికి సాల్వెంట్ అనే ద్రవం వాడతాం. లోపల మిగిలింది అదే అయితే, ఆరబెడితే పోతుంది. రియాక్టర్ కడగక మిగిలిన మందైతే ఎంత ఆరబెట్టినా పోదు. ఉండలు చిదిమి మళ్ళీ ఆరబెట్టాను. ఆ పొడి ఒక గొట్టంలో, శుద్ధమైనదని ముందే రుజువైన అదే మందు పొడి మరో గొట్టంలో నింపాను. ఏది ఏదో చెప్పకుండా చూడమని తోటి కెమిస్టు లక్ష్మిగారిని అడిగాను.

"మీ కళ్ళకేమైందండీ?" అన్నారావిడ.

"యాకోబన్న మా సంఘమాయన. నా కన్ను ఆయన దిక్కే మొగ్గుతది."

ఆవిడ పరికరానికున్న లెన్స్ మీదికి వంగారు. వేడి ఎక్కుతుంటే నేను గోడకేసి చూస్తూ, ఏది నిజమైతే అదే బయటపడనీ ప్రభువా అనుకున్నాను. అంతకు మించి అడగడానికి నోరు రాలేదు.

"రెండూ ఒకే వేడి దగ్గర, ఒక్కసారిగా కరిగిపోయాయండీ" అన్నారు లక్ష్మిగారు. "వీటిలో మీ సంఘంవారిది ఏదో నాకైతే తెలియట్లేదు."

మేనేజర్ రెండు గొట్టాలూ తీసి చూశాడు. కాంట్రాక్టర్‌కి చెప్పడం మానుకున్నాడు. ట్రేలన్నీ మళ్ళీ డ్రయ్యర్‌లోకి పంపించాడు. ఈసారి గడ్డలు చిదిమింది యాకోబన్నే.

పొడిని పరీక్షించేముందు అందులో తడి లేకుండా చూడాలని చదువు నాకు నేర్పింది. చూసే కంటినీ అలాగే చూసుకోవాలని ఆ రోజు తెలిసింది. అయినవాళ్ళ సంగతి ముడిపడితే ఇప్పటికీ లెన్స్ ఇంకొకరికి ఇస్తాను.

ఆ ఆదివారం యాకోబన్న నాకు చాప పరుస్తూ, "వందనాలు సిస్టర్" అన్నాడు. ఆయన ముఖంలోకి సూటిగా చూసి వందనాలు చెప్పాను.