ఎర్ర గీత దాటిన మిట్టపల్లె

నడివేసవిలో ఒక ఊరి మొత్తానికి తాగడానికి నీళ్ళు లేకుండా చేసిన ఘనత నాది. అదీ వాళ్ళ ప్రాణాలు కాపాడుతున్నానన్న గట్టి నమ్మకంతో. ఎలాగో చెబుతాను, నవ్వొస్తే మొహమాటపడకండి.

తొంభైల చివర్లో పూతలపట్టు దగ్గర ఒక ఆరోగ్య కేంద్రంలో లెక్కల గుమాస్తాగా చేరాను. చేరగానే చిత్తూరులో మూడు రోజుల శిక్షణకు పంపారు. అంటురోగాన్ని ముదరకముందే అంకెలతో పసిగట్టడం అక్కడ నేర్పారు. ఊరూరా వారానికి ఎన్ని విరేచనాల కేసులో కాగితం మీద చుక్కలు పెట్టాలి. పాత వారాల సగటు కట్టి, మామూలు హెచ్చుతగ్గులకు కొంత చోటు వదిలి, పైన ఎర్ర గీత గీయాలి. చుక్క గీత దాటితే రోగం బయలుదేరిందేమోనని అనుమానించాలి. ఆ 'ఏమో'ను నేను చిత్తూరు బస్టాండులోనే వదిలేసి వచ్చాను.

మే నెలలో నర్సమ్మ ఖైరున్నీసా మిట్టపల్లె జాబితా తెచ్చింది. ఎప్పుడూ మూడో నాలుగో ఉండే కేసులు ఆ వారం నలభై. నా చుక్క గీతనే కాదు, కాగితాన్ని కూడా దాటి గోడ సున్నం మీద పడింది.

"సార్, ఆ నలభై గురించి ఒక మాట," అంది ఆమె.

"మాటలకు టైం లేదమ్మా. అక్కడ నీళ్ళు చెడిపోయినాయి."

"నీళ్ళు కాదు సార్, ఆ పాకెట్లు..."

"పాకెట్లు తర్వాత," అన్నాను. డాక్టరుగారు సెలవులో ఉన్నారు. అంటే నన్ను ఆపేవాళ్ళు లేరు. జిల్లా ఆరోగ్య అధికారికి ఫోన్ చేసి, సైకిలెక్కి, మిట్టపల్లె ప్రెసిడెంటు మునిరత్నం ముందు దిగాను.

"ట్యాంకు నీళ్ళు వెంటనే వదిలేయాలి."

"ఏమప్పా, రేపు మా తమ్ముని కూతురి పెండ్లి ఉండాది. వచ్చినోళ్ళకి తాగేదానికి ఏం పోసేది?"

"పెండ్లి ముఖ్యమా, ప్రాణాలు ముఖ్యమా?"

"ఎవురి ప్రాణాలు? ఈడ ఎవురికీ ఏం కాలేదే."

"నలభై మందికి అయింది. మీకు తెలీదు, నా గ్రాఫుకు తెలుసు."

గ్రాఫంటే ఏదో పెద్ద ఆఫీసరనుకున్నాడేమో, వెళ్ళి వాల్వు తిప్పాడు. గంటలో ట్యాంకు ఖాళీ. వీధి వెంట పారుతున్న నీళ్ళను బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు చూశారు, తర్వాత నన్ను చూశారు.

"మరి తాగేదానికి?" అన్నాడు మునిరత్నం.

"అదిగో, ఆ పొలం బావి ఉంది కదా," అని గట్టు దిగి, నమ్మకం కలిగించడానికి మూడు దోసిళ్ళు తాగి చూపించాను.

"ఆ బాయి నీళ్ళు మేం ఎనుములకి గూడా పొయ్యం," అన్నాడాయన నెమ్మదిగా.

ఇంతలో జీపులో అధికారి వచ్చాడు, వెంట ఖైరున్నీసా కూడా. "రోగులేరీ?" అన్నాడు. జాబితాలో మొదటి పేరు గంగమ్మ. ఇంట్లో లేదు. వెతికితే మామిడి తోటలో చెట్టెక్కి కాయలు కోస్తోంది.

"బేదులు ఎన్ని రోజుల నుంచమ్మా?" అని కింది నుంచి అడిగాను.

"నాకెందుకుంటాయి సామీ?"

"మరి ఉప్పు చక్కెర పాకెట్ తీసుకున్నావే?"

"ఈ తూరి వచ్చినవి నారింజ వాసనతో కమ్మగా ఉండాయి. ఎండకి సల్లగా తాగితే పానం లేసొస్తాది. బేదులంటేనే ఇస్తారంట. అందుకే బేదులని రాపించినా."

పక్క చెట్ల మీది నుంచి మరో ఆరుగురు రోగులు అవునన్నారు.

"నేను చెప్పబోయింది అదే సార్," అంది ఖైరున్నీసా.

అధికారి నా వైపు తిరిగాడు. "ఊరంతా పాకింది రోగం కాదు, నారింజ రుచయ్యా," అని జీపెక్కాడు.

మునిరత్నం పక్కూరి నుంచి ట్రాక్టర్లతో నీళ్ళు తోలించుకున్నాడు. పెండ్లి బాగానే జరిగిందట. నేను చూడలేదు. బావి నీళ్ళు మర్నాడు తెల్లవారకముందే తమ పని మొదలుపెట్టాయి. ఆ వారం మిట్టపల్లె నీళ్ళతో నిజంగా జబ్బుపడ్డ ఏకైక రోగిగా ఖైరున్నీసా రిజిస్టర్లో నా పేరు రాసుకుంది.

మధ్యాహ్నం ఆరోగ్య కేంద్రంలో నేను పడుకున్న మంచం దగ్గరికి మునిరత్నం పెండ్లి భోజనం క్యారియరు పట్టుకుని వచ్చాడు. నా ముఖం చూసి, "నీకు పెట్టకూడదు లేప్పా," అని క్యారియరు నర్సమ్మ చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

ఆ మంచం మీదే, లేచి కూర్చునే ఓపిక కూడా లేని స్థితిలో, కుడిచేయి పైకెత్తి ప్రమాణం చేశాను: ఇకమీదట చుక్క ఆకాశానికి ఎగిరినా సరే, ముందు ఆ ఊరెళ్ళి, చెట్లెక్కినవాళ్ళను కూడా కిందికి దించి, ఒక్కొక్కరి కడుపు సంగతి విచారించనిదే ఏ వాల్వూ తిప్పించను. ప్రమాణం పూర్తిగా చెయ్యలేకపోయాను. మధ్యలో మళ్ళీ పరుగెత్తాల్సి వచ్చింది.