తిమ్మరాయప్ప మామ పేరు చెప్పి ఎవరు ఆవు చూపించినా నమ్మొద్దండి

నిన్న పొద్దున కంపెనీ బస్సులో ఉన్నా. మా ఊరి వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్. తిమ్మరాయప్ప ఇక లేరు అని. కింద మామ ఫోటో.

నేను నమ్మలే. ఒట్టు, నమ్మలే.

దొంగనాయాళ్ళు మళ్ళీ మొదలుపెట్టినారు అనుకున్నా. ఆ ఫోటో కూడా, మామ పేరుతో ఎవడో నడిపే ఫేక్ పేజీలో వాడే ఫోటోనే.

మెసేజ్ పెట్టినోడికి ఫోన్ కొట్టి, "నీకెవరు చెప్పినార్రా?" అని తిట్టినా. ఆనక మామ నంబర్‌కే చేసినా. అత్త ఎత్తింది.

"అవునప్పా... నిద్రలోనే పోయినాడు" అనింది.

మూకండపల్లిలో బస్సు దిగేసి, రోడ్డు పక్కనే నిలబడి ఏడ్చినాను.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తా ఉండా. తిమ్మరాయప్ప మా అమ్మకి తమ్ముడు. మత్తూరు పక్కన పల్లె. ఆవుల బ్రోకర్. సంతలో టవల్ కింద చెయ్యి పెట్టి, వేళ్ళు పట్టి రేటు మాట్లాడే రకం. పక్కనోడికి రేటు తెలియకూడదు, అదీ పద్ధతి.

తన చేత్తో పాలు పిండి చూడకుండా ఏ ఆవుకీ మాట ఇచ్చేవాడు కాదు. అందుకే కృష్ణగిరి నుంచి కోలారు దాకా ఆయప్ప మాటంటే జనాలకి అంత గురి.

కరోనాలో సంతలు మూసేసినారు కదా. అప్పుడు నేనే స్మార్ట్‌ఫోన్ కొనిచ్చి వీడియో కాల్ నేర్పించినా.

మొదటి బేరం. అవతల కోలారు పార్టీ. రేటు దగ్గరికి వచ్చేసరికి మామ ఏం చేసినాడో తెలుసా? ఫోన్ మీద టవల్ కప్పి, లోపల చెయ్యి పెట్టి కెమెరాకి వేళ్ళు చూపిస్తా ఉండాడు!

"అప్పా, ఏమీ కనపడలేదు, అంతా చీకటి!" అని వాళ్ళు అరుస్తా ఉంటే, ఈయప్ప వేలు తగిలి కాల్ కట్.

"రేటు నోటితో అరిచి చెప్పాల్నా? పరువు పోతాది" అని నా మీద కోపం. మేం పడీ పడీ నవ్వినాం.

ఆనక అలవాటైపోయింది. వీడియోలు పెట్టేది, యాడయాడనుంచో ఫోన్లు వచ్చేది. బిజినెస్ బాగా పెరిగింది. నాకు మాత్రం లోపల ఏదో అనుమానం. ముక్కూ మొహం తెలియనోళ్ళు అంత ప్రేమగా మాట్లాడితే నాకు భయమప్పా.

అనుకున్నట్టే అయింది. ఎవడో మామ వీడియోలు కత్తిరించి, వేరే ఆవులకి అతికించి, ఆయప్ప పేరుతోనే పేజీ పెట్టినాడు. ఇప్పుడు గొంతు కూడా మెషీన్ తయారు చేస్తాదంట కదా.

కుప్పం నుంచి ఒకాయన, ఆ పేజీ నమ్మి కొన్న వట్టిపోయిన ఆవుని టెంపోలో ఎక్కించుకుని నేరుగా మామ ఇంటికే వచ్చేసినాడు. వీధి వీధంతా వినపడేట్టు తిట్టినాడు. మామ ఆ వీడియో చూసి, "గొంతు నాదేనప్పా. కానీ ఇది నేను చెప్పలేదు" అన్నాడు. ఎవరూ నమ్మలే.

అప్పటినుంచి సంతకి పోవడం మానేసినాడు. గుండె ఆగిపోయిందని డాక్టర్ అన్నాడు. ఎందుకు ఆగిందో నాకు తెలుసు.

నిన్న సాయంత్రం మట్టి చేసినాం.

ఈ పొద్దు ఫోన్ తీస్తే ఆ పేజీలో కొత్త వీడియో. మామ నవ్వుతా ఒక ఆవు వీపు నిమురుతా ఉండాడు. కింద ఎవరో పాపం రైతు అడిగినాడు: "అప్పా, మీరే పిండి చూసినారా?"

రిప్లై వచ్చింది. "అవునప్పా. ఈ పొద్దు పొద్దున నేనే పిండినాను."

"ఆయన్ని నిన్న మట్టి చేసినాం" అని కామెంట్ పెట్టినా. అది తీసేసి నన్ను బ్లాక్ చేసినారు.

ఫ్రెండ్స్, దండం పెడతా. ఆ పేజీని అందరూ రిపోర్ట్ కొట్టండి. ఆ రైతు మీకెవరికైనా తెలిసుంటే, కొనేలోపల చెప్పండి.

పోయిరా మామా. ఈ ఫోన్లూ, ఈ దొంగలూ లేని చోట నెమ్మదిగా పడుకో.