గోనెపట్ట చుట్టిన సీసా

మిట్టమధ్యాహ్నం పత్తికొండ దారిలో మా పాత కారు ఆగిపోయింది. వెనక సీట్లో పాప ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది, పిలిస్తే పలకడం లేదు. తెచ్చిన నీళ్లు అయిపోయాయి. సెల్లో సిగ్నల్ లేదు.

గొర్రెలు తోలుకొస్తున్న ముసలాయన బానెట్‌లోకి తొంగిచూశాడు. "పంపు శానా కాగిందప్పా, పెట్రోలు ఆవిరైతాండాది. నేనూ జీపు తోలినోణ్ణే."

చంకలోని సీసా తీసి, దానికి చుట్టిన తడి గోనెపట్ట విప్పి పంపు మీద కప్పాడు.

"ముందు పాపకు రెండు గుక్కలు తాపు."

మిగతా నీళ్లన్నీ గోనెపట్ట మీద పోశాడు.

"సల్లారేదాకా తాళం ముట్టొద్దు."

పాప ఊపిరి వింటూ కూర్చున్నాను. చివరికి బండి అందుకుంది.

"యాడా ఆపొద్దు, పో!"

ఆసుపత్రిలో పాప కళ్లు తెరిచాక నేనూ గ్లాసెడు నీళ్లు నోటికెత్తాను. ఆ మండుటెండలో ఆయన సీసాలో చుక్క కూడా మిగల్లేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఇప్పటికీ ఆ దారిలో గొర్రెల మంద కనిపిస్తే, వెనక ఎవరున్నారో చూడాలంటే భయం.